మొదటి మ్యాచ్ ఎవరితో?

కొత్త సీజన్ ఫుట్‌బాల్ షెడ్యూల్ కోసం మా అబ్బాయి పొద్దుటి నుంచి ఫోన్ వదలడం లేదు. "మొదటి మ్యాచే గట్టి జట్టుతోని పడితే ఎట్లనే అమ్మా?" అంటుంటే నాకు డోర్నకల్ రైల్వే మైదానం, గీతలకు పోసిన తడి సున్నం వాసన గుర్తొచ్చాయి.

అక్కడ పోటీలకు ముందు జట్ల పేర్లు రాసిన చీటీలను డబ్బాలో వేసి, చిన్నపిల్లల చేత తీయించేవారు. నా చిన్నప్పుడు ఒక ఏడాది నన్ను పిలిచారు. మా బాపుది డోర్నకల్ జట్టు, మేనమామది పెద్దవంగర జట్టు. అంతకుముందు ఏడాది ఆటలో మాటా మాటా పెరిగి, మామ మా గడప తొక్కడం మానేశాడు. వాళ్లిద్దరూ ఎదురుపడకూడదని ప్రార్థించి చెయ్యి పెట్టాను. వరుసగా ఆ రెండు చీటీలే వచ్చి, మొదటి మ్యాచే వాళ్లిద్దరికీ పడింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా వల్లే ఏడుస్తోందనుకున్నాను.

బాపు జట్టు ఓడింది. ఆటయ్యాక బాపే మామ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

"గోల్ కొట్టినవ్ గద బామ్మర్దీ, జర గీ కూర గిట్ల ఖతం చెయ్యి."

"గెలిచినోనికి గింతేనా బావా? ఇంకో ముక్క ఎయ్యి!"

చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది, "వాళ్లకు వాళ్లకే పడాల్నని మొక్కిన బిడ్డా. ఎదురుపడితేనే గద మాట్లాడుకునేది."

ఆ రోజు దేవుడు నా ప్రార్థన పక్కన పెట్టినందుకు ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.