పోటు అన్న మాట

ఆ రోజు బురదలోకి దిగింది ఆయన కాదు, నేను. ఈ ఒక్క మాట చెప్పకుండా నాలుగు నెలలు గడిపాను. ఆ నాలుగు నెలలూ ఒక పెద్దాయన తలుపు వెనకే ఉండిపోయారు.

ఆయన మా ఎదురింటి మిత్రుడి తండ్రి. ఈ పరాయి దేశంలో మేముండే క్లైడ్ నార్త్‌లో కొడుకు దగ్గర ఏడాది ఉండడానికి బందరు నుంచి వచ్చారు. తెల్లవారుతూనే ఒంటరిగా వీధులన్నీ నడిచి రావడం ఇక్కడ ఆయనకంటూ ఉన్న ఒకే ఒక్క పని.

నాకు పక్షుల పిచ్చి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనను వెంటబెట్టుకుని వెస్టర్న్ పోర్ట్ అనే సముద్రపు ఖాతం ఒడ్డున ఉన్న పక్షుల రక్షిత ప్రాంతానికి వెళ్ళాను. మడచెట్ల మధ్య చెక్కబాట, దాని చివర బాట దిగవద్దని బోర్డు. అవతల కనుచూపు మేరా బురద. సముద్రం ఎక్కడో దూరాన సన్నటి గీత.

ఆయన నా బైనాక్యులర్స్ ఒకసారి కళ్ళకు పెట్టుకుని తిరిగిచ్చేశారు. "ఈ గొట్టాల్లో దూరంగా ఉన్నదే కనపడుద్ది బాబూ. కాళ్ళ కిందకి ఏమొస్తందో కనపడదు."

"అందుకే మిమ్మల్ని తెచ్చుకున్న అంకుల్. కిందికి మీరు చూడుండ్రి," అని నవ్వాను.

పొడుగాటి వంపు ముక్కుతో, ఏటా రష్యా నుంచి ఎగిరొచ్చే పక్షి ఒకటుంది. దాని మంచి ఫొటో కోసం మూడేళ్ళుగా తిరుగుతున్నాను. ఆ రోజు ఆ పక్షులు ఒక గుంపుగా వాటంతట అవే ఒడ్డు వైపు జరుగుతున్నాయి. నా అదృష్టం అనుకున్నాను. ఎందుకు జరుగుతున్నాయో ఆలోచించలేదు. బాట దిగి బురద మీద నడిచాను.

వెనక నుంచి ఆయన కేక: "పోటొచ్చేస్తంది బాబూ! ఇక చాలు, వచ్చెయ్!"

మాది నల్లగొండ. మా ఇంట్లో పోటు అంటే నొప్పి. చెవిపోటు, పంటిపోటు. ఆయనకు మోకాళ్ళ బాధ ఉంది, అదే లేచిందనుకున్నాను.

"జర కూసోండి అంకుల్, ఐదు నిమిషాల్లో వస్త!" అని తిరిగి చూడకుండానే అరిచాను.

ఇంకో వంద అడుగులు వేశానేమో. పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పీతల బొరియల్లో బుడగలు. వెనక్కి తిరిగితే, వచ్చేటప్పుడు పొడిగా దాటిన పల్లం నిండుతోంది. నీళ్ళు నా ముందు నుంచి కాదు, నాకూ ఒడ్డుకూ మధ్య నుంచి వస్తున్నాయి. పరుగెత్తబోతే ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. దాన్ని లాగబోతే రెండోది.

ఆయన తొడల దాకా నీళ్ళల్లో దిగి వచ్చారు. "నిలబడమాక! బోర్లా పడి చేతులు చాపు!" నా సంచి పట్టీ పట్టుకుని లాగారు. ఆయన బూట్లు ఆ బురదలోనే పోయాయి. ఇద్దరం బాట ఎక్కి చూసేసరికి నేను నిలబడిన చోటు లేదు.

కారులో అడిగాను, పోటు అంటే నొప్పి కాదా అని. ఆయన చాలాసేపు నవ్వారు. "సముద్రం రోజుకి రెండు మాట్లు ఒడ్డుకెక్కుద్ది, ఆ పోటు బాబూ అది."

తలుపు తీసిన మిత్రుడికి తండ్రి వట్టి కాళ్ళే కనపడ్డాయి. "నాన్నా, what is this? బురదలోకి ఎందుకు దిగారు? ఇదేమన్నా మన బందరా?"

"అంకుల్ జర లోపలికి పోయిన్రు. నేనే పట్టుకొచ్చిన," అన్నాను.

ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. కాళ్ళు కడుక్కోవడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళారు.

తండ్రికి మతి తప్పుతోందని భయపడి, మర్నాటి నుంచి మిత్రుడు ఇంటి తాళంచెవి ఆయన చేతికి ఇవ్వలేదు. నేను ఆఫీసుకు కారు తీసే వేళకు, కొడుకు కొనిచ్చిన కొత్త బూట్లు వేసుకుని కిటికీ అద్దం వెనక నిలబడి ఉండేవారు. నేను చేయి ఊపేవాణ్ణి. ఆయనా ఊపేవారు.

మొన్న మిత్రుడు పిలిచాడు. "నాన్న మెమరీ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ దొరికింది. నువ్వూ రావాలి. ఆ రోజు చూసింది నువ్వే కదా, డాక్టర్‌కి చెప్పు."

వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నప్పుడే, జరిగింది జరిగినట్టు చెప్పాను. మిత్రుడు నా ముఖం చూడలేదు. నేను పెద్దాయన ముందు నిలబడ్డాను.

"అంకుల్, పోటు అంటే ఏందో నాకు ఆనాడు తెల్వదు. గానీ ఇంటికొచ్చినంక అబద్ధం తెలిసే ఆడిన. తప్పయింది. మాఫ్ చెయ్యుండ్రి."