నీళ్లడిగిన గొంతు

నా చిన్నప్పుడు మా చిన్నమ్మ నీళ్లడిగితే నేను భయపడి దూరంగా జరిగేదాన్ని. అడుగుతున్నది ఆమె కాదని మా అవ్వ చెప్పింది మరి.

మాది అలంపూర్ దగ్గర పల్లె. పొద్దంతా పల్లిచేలో కలుపు తీసే ఆడవాళ్లు ఒంటికి పోవాలంటే మసక పడేదాకా బిగపట్టుకొని, ఊరవతల సర్కారు తుమ్మల చాటుకు పోవాల్సిందే. అక్కడి నుంచి వచ్చాక చిన్నమ్మ పొత్తికడుపు పట్టుకొని మూలిగేది. మర్నాడు మిట్టమధ్యాహ్నం చలి మొదలయ్యేది. నులక మంచం కోళ్లు నేలకేసి టకటకా కొట్టుకునేవి. నా భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తూ "ఆడ నిలబడ్డడు" అనేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. నెలా రెండు నెలలకోసారి ఇదే తంతు.

తుమ్మల్లో ఏదో పట్టిందని అవ్వ తేల్చేసింది. నీళ్లు తాగితే మళ్లీ అటే పోవాలి కదా, అందుకని చెంబు బోర్లించి, పక్కన నన్ను కూర్చోబెట్టింది. "ఒక్క గుక్క పొయ్యవే" అని చిన్నమ్మ బతిమాలుతుంటే ఆ బొంగురు గొంతు నిజంగానే ఇంకెవరిదోలా ఉండేది. నేను పోయలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిల్లలకు సూదులు వేయడానికి ఊళ్లోకి వచ్చే నర్సమ్మ ఒకనాడు ఆ మూలుగు విని లోపలికి వచ్చింది. అవ్వతో వాదం పెట్టుకోలేదు. అత్తాకోడళ్లిద్దరి ఒంటేలూ రెండు గాజు గొట్టాల్లో పట్టి, స్పిరిట్ దీపం మీద కాచింది. అవ్వది తేటగానే ఉంది. చిన్నమ్మదాంట్లో తెల్లటిదేదో కమ్ముకుంటూ, మెల్లగా సుడి తిరిగింది.

"నీ కోడల్ని పట్టింది గిదే, అవ్వా, ఒంటేలు బిగబట్టి తెచ్చుకున్న జబ్బు. నీళ్లియ్యకుంటే ఇంకా బలుస్తది" అంది నర్సమ్మ.

చెంబు తిప్పి, నింపి, నా చేతికే ఇచ్చింది. చిన్నమ్మ ఆగకుండా తాగింది.

గద్వాల దవాఖానకు నర్సమ్మే వెంటబెట్టుకొని పోయింది. అంతటితో జబ్బు వదల్లేదు. తిరగబెట్టినప్పుడల్లా ఆమె వచ్చేది, మాత్రలు మధ్యలో మానకుండా ఎదురుగా కూర్చొని మింగించేది. మా తాతను ఒప్పించి పెరట్లో తడకలు కట్టించింది, పట్టపగలే పోవడానికి. చిన్నమ్మ బతికింది.

ఈ వయసులో ఆ జబ్బు నాకూ తిరగబెడుతోంది. చలి మొదలవగానే ముందు నా కళ్లు గుమ్మం వైపే పోతాయి, దాచుకోను. ఆ తర్వాత లేచి చెంబు నింపుకుంటాను, దవాఖానకు బయలుదేరుతాను. మొదటి గుక్క మింగేటప్పుడు ఆ గొంతు వినిపిస్తుంది. అది చిన్నమ్మదే.