లెక్కలో మా చెల్లె

డెబ్బైల మొదట్లో కొత్తగూడ బస్సులో ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చున్నాడు. రోగాలు ఊళ్లలో ఎలా పాకుతాయో గణితంతో ముందే చెప్పడం తన పని అన్నాడు. ఖాజాగూడ అవతల ఉన్న మా పల్లె పేరు చెప్పగానే ఆయన మొహం వెలిగింది.

"ఆమధ్య మీ ఊళ్లో వచ్చిన మశూచి అచ్చం నా సమీకరణం చెప్పినట్టే నడిచిందండీ. దాంతోనే నాకు ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది."

"మా చెల్లె గూడ అప్పుడే పోయింది సార్. ఆమె మీ లెక్కల ఉన్నదా?"

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"ఉండే ఉంటుందండీ. ఒక్కరు తగ్గినా లెక్క కుదిరేది కాదు."

నన్ను ఓదార్చాననే అనుకున్నట్టున్నాడు. నా భుజం తట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఆయన సంగతి అమ్మకు ఎన్నడూ చెప్పలేదు.