పదకొండో ఫోను

మా ప్రయోగశాలలో సిమెంటు నమూనాల సంచులకు సీలు వేసేటప్పుడు, కరిగిన లక్క వాసనకు ప్రతిసారీ మేజర్ సాబ్ గుర్తొస్తారు. సైన్యపు గూఢచార విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసి, నస్పూర్ పక్కన మా బొగ్గుబావుల ఊరికి తిరిగొచ్చి, కౌన్సిలర్‌గా గెలిచిన మనిషి. డిప్లొమా పూర్తిచేసి ఖాళీగా ఉన్న నన్ను, పట్టికలు బాగా గీస్తానని దగ్గర పెట్టుకున్నారు.

చాయ్ కావాలన్నా ఆయన చెవిలోనే చెప్పేవారు. ఓసారి ఆయన భార్య నాతో అన్నారు: "ముప్పై ఏండ్ల సంసారం బిడ్డా. గీయనకు ఏ కూర ఇష్టమో ఇప్పటిదాంక నాకు చెప్పలే."

మున్సిపల్ ఛైర్మన్ ఎన్నిక వచ్చింది, సాబ్ నిలబడ్డారు. ఇరవై మంది కౌన్సిలర్లలో ఆయన కాక పదిమంది మావైపు. అవతలివాళ్లు ఎత్తుకుపోకుండా, అందరూ చేసినట్టే మేమూ క్యాంపు పెట్టాం: వేములవాడలో సత్రం, మారుపేర్లు, ఒక బండి. "బండెక్కినోళ్లందరి ఫోన్లు తీస్కో" అన్నారు సాబ్. ఒక్కోటీ కవరులో పెట్టి, లక్క సీలు వేసి, నా సంచీలో వేసుకుని, పట్టికలో టిక్కు పెట్టాను.

"సాబ్, మేం ఓటేస్తందుకు పోతున్నమా, జైలుకా?" అన్నాడు కౌన్సిలర్ లింగన్న.

"ఫికర్ చెయ్యకు లింగన్నా. రేపు డ్రైవర్‌కు ఫోన్ల ఒక్క మాట చెప్త. గది వింటేనే బండి సత్రం కాడికెంచి ఓటుకు కదుల్తది."

మర్నాడు ఎనిమిదింటికి సాబ్ తన ఇంటి వరండాలో కూర్చుని డ్రైవర్‌కు ఫోన్ చేశారు. నా ఒళ్లోని సంచీ మోగింది. ఆయన ఆపితే అదీ ఆగింది. మళ్లీ చేశారు, మళ్లీ మోగింది. బండెక్కినవాళ్లలో డ్రైవరూ ఉన్నాడు. నా పట్టికలో పదకొండో టిక్కు అతనిదే.

సత్రానికి ఫోన్ చేశారు. గుమస్తా మారుపేర్లన్నీ గట్టిగా పిలిచాడు. మావాళ్లు వసారాలోనే కూర్చున్నారట, ఒక్కరికీ తన కొత్త పేరు గుర్తులేదు.

"అసలు పేర్లు చెప్పుండ్రి సాబ్" అన్నాను.

"చెప్తే అటోళ్లకు ఎరుకైతది" అన్నారు.

పదకొండింటికి సభలో మావైపు లేచిన చెయ్యి ఒక్కటే, ఆయనది. తర్వాత నెలల తరబడి ఊళ్లో ఎవరి ఫోను మోగినా జనం నవ్వుకున్నారు. ఆయన మళ్లీ పోటీ చేయలేదు.

ఓడిన రోజు సాయంత్రం ఆయనతో అన్నాను: "తప్పు నాది సాబ్. డ్రైవర్ ఫోను తియ్యకుండ ఉండాల్సింది."

"కాయితం తియ్యి. ఓడినందుకు కారణాలు రాయి. ఒకటి, మేజర్ తన మనుషులను గూడ నమ్మలే."

"రెండు?"

"రెండు లేదు బిడ్డా. చాయ్ తాగుదాం పా."

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. ఏ పరీక్షైనా చెడిపోతే నివేదిక నేనే రాస్తాను. ఒకటో కారణం దగ్గర నా పేరు రాసి, కాసేపు ఆగుతాను. చాలాసార్లు రెండోదాని అవసరం పడదు.