అన్న తెచ్చిన జపాను పూలబొమ్మ

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు, మాఘమాసంలో తర్లుపాడు నుంచి అన్న కార్డు రాసినాడు. "మంచం దిగలేను. నా బొమ్మకు అద్దం పటం ఒకటి తీసుకొని తొందరగా రా. ఇంకా కొన్ని పూలు ఉన్నాయి." నేను గిద్దలూరు బడిలో డ్రాయింగు అయ్యవారిని. పరీక్షలు కానీలే అనుకుంటి. అదే నా బుద్ధితక్కువ.

యుద్ధం అయినాక పట్టాళంతో జపాను పోయి అన్న తెచ్చుకున్న బొమ్మ అది. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితానికి అద్దిన అచ్చు. చెర్రీ చెట్టు కింద ఒకామె తల ఎత్తి నిలబడి ఉంటుంది, పూలు రాలుతుంటాయి. వారమే ఉంటాయంట ఆ పూలు. దాన్ని చూసినాకే నేను బొమ్మలు వేయడం పట్టినా.

పరీక్షలు ముగిసినాక ఒకనాడు పొద్దున ఏడుకు పాసింజరు ఎక్కినా. టికెట్టు రూపాయి లోపే. కంబంలో టీ తాగొచ్చు, ఇడ్లీ జోలికి మాత్రం పోవద్దు. ఒళ్ళోని పటం చూసి పక్కనున్న పలకల వ్యాపారి "ఏ దేవుడికి సారూ?" అన్నాడు. పూలకు అని నేనంటే నవ్వినాడు. "రాలిపోయేటియ్యి, వాటికి అద్దమేంది!" నాకు ఒళ్ళు మండింది.

పదిన్నరకు తర్లుపాడులో దిగినా. జట్కా దొరకలేదు, ఎండలో నడిచినా.

అన్న ఎముకల గూడైనాడు. గోడకు బొమ్మ ఉంది, గంధం, కుంకుమ బొట్లతో. ఎవరో తల్లి అనుకొని, మొగుడి జబ్బు తగ్గాలని, వదిన ప్రతి శుక్రవారం దేవుడి పటాలతో పాటు దాన్నీ తడిగుడ్డతో తుడిచి బొట్టు పెడుతోందంట. నీళ్ళకు ఆ రంగులు నిలుస్తాయా? బొమ్మలో ఆమె మొకం చెరిగిపోయింది. పూలు ఒక్కటీ లేవు.

వదిన నీళ్ళకు పోయినాక అన్న మీద అరిచినా. "కళ్ళముందు పోతాంటే ఒక్కమాట చెప్పలేకపోయినావా?"

"ఏమని చెప్పేదిరా? నా కోసం ఒకపొద్దులుంటాంది. డాక్టరు చేతులెత్తేసినాడని ఆమెకు తెలీదు. అద్దమేస్తే అద్దాన్ని తుడుస్తాదిలే అనుకున్నా. పోయిన వారం దాకా మూడు పూలు ఉన్నాయి. నువ్వూ చెప్పొద్దు."

నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం నాలుగు బండికి వదిన స్టేషను దాకా వచ్చింది. తిరుగుదారిలో ఈ బండే మేలు, కూర్చునే చోటు దొరుకుతుంది. నేను ఎక్కినాక కిటికీ దగ్గరికొచ్చి అడిగింది.

"ఆ తల్లి మొకం ఎట్ల తెల్లగా తేటపడిందో చూసినావా అబ్బయ్యా? మీ అన్నకు నయమైతాదనే గదా?"

"ఔ వదినా. నయమైతాది."

ఆమె మొకం విప్పారింది. ఎన్నో ఊర్లు తిరిగినా గానీ, సంతోషంగా ఉన్న మనిషిని చూడలేక తల తిప్పుకున్నది ఆ ఒక్క స్టేషనులోనే.