అన్నదమ్ముల నడుమ పంతులు

గనుల ఊళ్ళ కళాకారుల గురించి ఎవరు మాట్లాడినా పాటగాళ్ళ పేర్లు వస్తాయి, నాటకాలవాళ్ళ పేర్లు వస్తాయి, మైకుసెట్టు అద్దెకిచ్చినవాళ్ళ పేర్లు కూడా వస్తాయి. గోదావరిఖనిలో సంస్కృత సినిమా తీసిన నా పేరు మాత్రం రాదు. సభలకు పిలుస్తారు, కుర్చీలు నింపడానికి. నా పేరూ చెప్పమని అడిగీ అడిగీ అలసిపోయాను కాబట్టి ఆ ఘోరం ఎలా జరిగిందో నేనే చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. అప్పుడు ఊరంతా నవ్వింది, మీరు మాత్రం ఏం పాపం చేశారు.

డెబ్బైల నాటి మాట. బడిలో సంస్కృతం చెబుతూ, వినే చెవి దొరక్క, ఉద్యోగం మానేశాను. తెర మీద చూపిస్తేనైనా వింటారనుకున్నాను. మా పేట క్లబ్బు సెక్రటరీ మాట కూడా ఇచ్చాడు.

"ఇది జనానికి నచ్చిందనుకో, రెండో సినిమాకు రీళ్ళు మేమే ఇస్తం పంతులూ."

కథ నేనే అల్లాను. చిన్నప్పుడే విడిపోయిన ఇద్దరు రాకుమారులు చివర్లో కలిసి కౌగిలించుకుంటారు. సినిమా అంతా ఆ కౌగిలి కోసమే. మా కెమెరా మూగది. ప్రదర్శన రోజు తెర పక్కన మైకు పట్టుకుని మాటలన్నీ నేనే చదవాలి. కౌగిలి దగ్గరికి బొగ్గురైలంత సమాసం ఒకటి సిద్ధం చేసుకున్నాను.

అన్న వేషానికి బొగ్గు నింపే కొమురయ్యను, తమ్ముడి వేషానికి గనిలో పంపు నడిపే ఆశీర్వాదాన్ని ఎంచాను. ముఖాలు చూశాను, భుజాలు చూశాను, పంచాంగంలో ముహూర్తం చూశాను. షిఫ్టులు చూడలేదు.

ఒకడిది మొదటి షిఫ్టు, ఇంకొకడిది రెండోది. వారం తిరిగితే ఇద్దరివీ తిరిగేవి. సూర్యుడూ చంద్రుడూ అయినా ఎప్పుడైనా ఒకే ఆకాశంలో కనిపిస్తారు, వీళ్ళు కనిపించరు. ఆదివారం రమ్మన్నాను.

"ఆదివారం చర్చికి పోవాలె గద పంతులూ," అన్నాడు ఆశీర్వాదం.

"నేను ఊరికి పోవాలె. పొలం కాడ కనవడకుంటె మా అవ్వ బువ్వ పెట్టది," అన్నాడు కొమురయ్య.

ఈ రెండు జవాబులూ వేర్వేరు పూటల్లో వచ్చాయని వేరే చెప్పాలా.

ఇక చేసేదేముంది? డ్యూటీ లేని పూట ఒక్కొక్కడూ మా ఇంటి ముందుకొచ్చి సాధన చేసేవాడు. కొమురయ్యకు నేను తమ్ముణ్ణి, ఆశీర్వాదానికి నేను అన్నను. పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకోవడం, మళ్ళీ వెనక్కి వెళ్ళి పరుగెత్తుకు రావడం. మా ఆవిడ కొన్నాళ్ళు చూసి అడిగింది.

"మీ సినిమాల ఒక్క రాణి గూడ లేదా? ఎప్పుడు చూసినా మగోళ్లనే అలుముకుంటున్నరు."

మిగతా సినిమా అంతా విడివిడిగా తీసేశాం. కౌగిలి మిగిలింది. ఒకడు గని నుంచి పైకొచ్చి, ఇంకొకడు దిగబోయే ఆ కాస్త సందులో, గేటు బయట తీయాలి. కెమెరా పట్టినవాడు బజారులో ఫోటో స్టూడియో రాజేశం.

"రీలు తోక మిగిలింది పంతులూ. ఒక్కపారే. మళ్ల అంటె నాతోని గాదు."

కొమురయ్య నిలువెల్లా బొగ్గుతో వచ్చాడు. కడుక్కునే తీరిక లేదు, ఆ నలుపు మీదే కిరీటం పెట్టాను. ఆశీర్వాదం నడుముకున్న దీపం బ్యాటరీని పట్టు ఉత్తరీయంతో కప్పాను. ఎక్కడ కలుసుకోవాలో చూపించడానికి మధ్యలో నిలబడ్డాను. నేను పక్కకు తప్పుకొనే లోపే రాజేశం కెమెరా తిప్పాడు.

"ఉరుకుండ్రి," అన్నాడు.

అన్న అటునుంచి ఉరికాడు, తమ్ముడు ఇటునుంచి ఉరికాడు. ఇద్దరూ కలిసి నన్ను పట్టుకున్నారు.

"నన్ను కాదయ్యా, అతన్ని," అన్నాను.

"రోజు నిన్నే పట్టుకొమ్మంటివి గద," అన్నాడు కొమురయ్య, వదలకుండా.

"మాట్లాడకు కొమురన్నా, కెమెర తిరుగుతాంది," అంటూ ఆశీర్వాదం ఇంకా గట్టిగా బిగించాడు.

గంట కొట్టారు. తమ్ముడు గనిలోకి దిగిపోయాడు. రీలు అయిపోయింది.

ప్రదర్శన రోజు క్లబ్బు మైదానం నిండిపోయింది. చివరికి తెర మీద కౌగిలి వచ్చింది. ఇద్దరు రాకుమారులు ఒక కళ్ళద్దాల పంతులును నడుమ వేసి నలిపేస్తున్నారు. పంతులు పంచె ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు. నేను మైకులో సమాసం ఎత్తుకున్నాను. ముందు కూర్చున్న ఇద్దరు ముసలమ్మల మాటలు ఆ మైకులోనే పడ్డాయి.

"నడుమల గీయనెవరే?"

"నడిపోడు కావచ్చు. ముగ్గురన్నదమ్ములేమో."

"మరి ఇంతసేపు ఏడ వోయిండు?"

"సదువుకోను పోయినట్టున్నడు. కండ్లద్దాలు సూడు."

మైదానం గొల్లుమంది. సమాసం సగంలో ఆగింది, మిగతా సగం ఇప్పటికీ నా గొంతులోనే ఉంది. మర్నాటి నుంచి కూరగాయల దుకాణంలో కూడా నేను నడిపి పంతులునే.

రెండో సినిమా మాటేమిటని సెక్రటరీని అడిగాను.

"జనం నవ్విండ్రు పంతులూ. నచ్చిందని ఎవలు జెప్పిండ్రు? చూద్దాం తియ్యి."

తర్వాత సెక్రటరీలు మారారు. 'చూద్దాం' మారలేదు.

కనుక గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తెర మీద గానీ, పొలం గట్టు మీద గానీ, ఇక జన్మలో ఏ అన్నదమ్ముల నడుమా నిలబడను. క్లబ్బువారు మాత్రం నాకు జవాబు చెప్పాలి. కొమురయ్య రిటైరయ్యాడు, ఆశీర్వాదమూ రిటైరయ్యాడు. ఇద్దరికీ ఇప్పుడు పగలంతా ఖాళీయే, సాయంత్రాలు ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. నాకు రెండో సినిమా కూడా వద్దు. ఒక్క రీలు తోక చాలు. ఇస్తారా, ఇవ్వరా?