తొమ్మిదో గడిలో ఎర్ర మనిషి

కోమలి బట్ట మీద చేపను గీసిన రోజున మా వీధి పిల్లులు అన్నం ముట్టవు. నమ్మకపోతే పిల్లుల్నే అడగండి. ఒకసారి ఆమె ఆరేసిన చీర అంచులో నెమలిని చూసి మబ్బు కూడా పట్టింది. శ్రీకాళహస్తిలో ఏప్రిల్ నెలలో వాన పడగా నేను చూసింది అప్పుడే. ఇంటర్ రెండో ఏట భరించలేక కాలేజీయే నన్ను వదిలేసింది గానీ, ఇలాంటి విషయాల్లో నా మాటకు తిరుగులేదు.

కోమలికి ముప్పై ఒకటి. చేసేది కలంకారీ పని. పదేళ్ళప్పుడు వెదురుపుల్లకు గుడ్డ చుట్టి కలం చేసుకుంది, ఇంకా కింద పెట్టలేదు. రంగులు కాచేది వాళ్ళ నాయన మునిరామయ్య. ఆమె గీతకు వంక పెట్టినవాడు మా ఊళ్ళో లేడు. వంక పెట్టింది ఆమె మాటకు.

కారణం సుకుమార్. వీడు కలంకారీ బట్టలకు ఫోటోలు తీసి ఫోనులో అమ్మిపెట్టేవాడు. ఆ వంకన నాలుగేళ్ళు కోమలి చాప పక్కనే కూర్చున్నాడు. "వచ్చే ఆదివారం మాయమ్మను పిల్సుకోని మీ ఇంటికొస్తా" అన్నాడట. ఆ ఆదివారం కోమలి బట్టలు జాడించడానికి స్వర్ణముఖి ఏటికి పోలేదు. పొద్దున్నుంచి సందెదాకా గుమ్మంలోనే ఉంది. ఎవరూ రాలేదు. తర్వాత అడిగితే, "నేనెప్పుడన్నా ఆ మాట?" అని బెంగళూరు బస్సెక్కాడు.

వీధి వీధంతా వాణ్ణే నమ్మింది. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట మరి. కోమలే కల కనిందని తేల్చేశారు. ఎదురింటి జ్ఞానాంబ అయితే, "ఆ పిల్లకు బొమ్మలు గీసీ గీసీ మాటలు గూడా గీయడం అలవాటైంది" అని కొళాయి దగ్గర చాటింది. ఆరేళ్ళుగా కోమలికి కావలసింది సుకుమార్ కాదు. ఆ మాట అన్నానని వాడి నోటితో వాడు ఒప్పుకోవడం.

మొన్న వేసవిలో సుకుమార్ దిగాడు. చంద్రగిరిలో వాడి పెళ్ళి. పెళ్ళికూతురు రాజశ్రీ, చిత్తూరులో బట్టల వ్యాపారం చేసేవాళ్ళ అమ్మాయి. వేదిక వెనక కట్టడానికి తమ ప్రేమకథ బొమ్మల కథలాగా కావాలన్నాడు. తొమ్మిది గడులు, గడికింద మాటలు. ఊరినిండా కలంకారీవాళ్ళే ఉన్నా, కోమలి దగ్గరికే వచ్చాడు.

"ఎన్నాళ్ళకు కావల్ల?" అంది కోమలి. ఇంకేమీ అడగలేదు.

అక్కడే నాకు అనుమానం తగిలింది. నా అనుమానానికి పోలీసు కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి.

వాడు కథ చెబుతుంటే నేను అరుగు మీద కూర్చుని విన్నాను. నాలుగో గడి: ఏర్పేడు బస్సులో ఒక జామకాయ, ఇద్దరూ చెరిసగం. ఆ రోజు వాళ్ళ వెనక సీట్లో ఉన్నది నేనే. ఆ సగం తిన్నది రాజశ్రీ కాదు, కోమలి. వీడు మరిచిపోయాడా, మరిచినట్టు నటిస్తున్నాడా? కోమలి మాత్రం జామకాయలో గింజలు కూడా వదలకుండా గీసింది.

సుకుమార్‌కూ లోపల ఏదో గుచ్చుకున్నట్టుంది. రెండు రోజులకోసారి వచ్చి బట్టను ఎండకు పట్టి చూసేవాడు.

"ఏందప్పా, బట్టలో దొంగల్ని ఎతుకుతాండావా?" అన్నాను.

"ఏం ల్యా. మొగం సరింగా వచ్చిందా అని."

వచ్చింది. నల్లగీతలో తొమ్మిది గడుల్లోనూ రాజశ్రీయే.

అయితే కలంకారీలో ఒక తిరకాసుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. ఆరాక అది కంటికి ఆనదు. మంజిష్ఠ వేళ్ళతో కలిపి బట్టను ఉడకబెట్టినప్పుడే, పటిక తగిలిన చోటల్లా ఎర్రబడుతుంది. ఎక్కడెక్కడ పూసిందో అంతవరకూ పూసినవాళ్ళకే తెలియాలి.

ఉడకబెట్టిన రోజు రాజశ్రీ కూడా వచ్చింది. మునిరామయ్య కర్రతో బట్టను పైకెత్తి, నీళ్ళు కారుతుండగానే దండెం మీద పరిచాడు. ఎనిమిది గడులు బాగున్నాయి. తొమ్మిదో గడిలో కొత్త జంట ఇంట్లోకి అడుగు పెడుతోంది. గుమ్మం పక్కన, గీత ఒక్కటీ లేని చోట, జానెడెత్తు ఎర్ర మనిషి. తల, భుజం, కిందికి జారిన కుచ్చెళ్ళు. గోడకు ఆనుకొని దారి చూస్తున్నట్టు.

"ఇదెవురు?" అంది రాజశ్రీ.

కోమలి బట్ట వైపే చూస్తోంది.

"నిన్నే సుకుమార్. ఈడ నిలబడుకోనుండేది ఎవురు?"

సుకుమార్ ముఖం కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డలాగా పచ్చబారింది. "ఆదివారం వస్తానని చెప్పింది నిజమే రాజీ. మాయమ్మ ఒప్పుకోల్యా. అందుకే రాలేకపోయినా. అంతకుమించి ఏం ల్యా, మాయమ్మ తోడు!"

ఆదివారం సంగతి వాణ్ణి ఎవరూ అడగలేదు.

"ఎవురికి చెప్పినావు?" అంది రాజశ్రీ.

వాడి చూపు కోమలి మీదికి పోయింది. గోడ మీంచి తొంగిచూస్తున్న జ్ఞానాంబ, "అయితే అన్నాడన్నమాట" అంది, వీధి చివరికి వినబడేట్టు. రాజశ్రీ ఒక్కతే పోయి ఆటో ఎక్కింది.

పెళ్ళి ఆగలేదు, నెల వెనక్కి జరిగింది. వేదిక వెనక ప్లాస్టిక్ పూలు కట్టారట. బట్ట కోమలి దగ్గరే ఉండిపోయింది.

ఇది ఆరేళ్ళు ఊరబెట్టిన పన్నాగమని నా తీర్పు. కనపడని నీళ్ళతో గురి చూసి కొట్టింది, ఇంతటి పగ ఈ జిల్లాలో ఎవరూ తీర్చుకోలేదు అని రాసి, ఆమెకు చదివి వినిపించాను. కలానికి గుడ్డ చుట్టుకుంటూ వింది.

"పగా లేదు, పన్నాగమూ లేదు, పోబ్బా. పటిక పల్చగా కలిపితి, కారింది. నేను సూసుకోల్యా."